ముందు లెక్క, తర్వాతే కాంక్రీటు



ఈరోజు పట్టా అందుకుని వెళ్లి, నీటి యాజమాన్యం చదివామని చెప్పగానే ఊళ్లో మిమ్మల్ని అడిగేది ఒకటే: "ఏ ప్రాజెక్టులో ఉద్యోగం?" మన దగ్గర నీళ్ల ఇంజినీరంటే ఆనకట్ట కట్టేవాడే. ఆ అభిప్రాయం ఊరికే రాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా రూపురేఖలే మారిపోయాయి. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహాలకు రైతులు ఇప్పటికీ దండలు వేస్తారు. నాగార్జునసాగర్ అనగానే కె.ఎల్.రావు గారు గుర్తొస్తారు. ఆ తరాలు చేసిన పనికి వంక పెట్టేవాణ్ని కాదు. మీకు మిగిలిన పని మాత్రం వేరు. తవ్విన కాలువలో నీళ్లు శివారు భూములకు ఎందుకు అందడం లేదు? వేసిన బోరు కొన్నేళ్లకే ఎందుకు ఎండుతోంది? వీటికి జవాబు కాంక్రీటులో దొరకదు, లెక్కలో దొరుకుతుంది.

అనంతపురమే తీసుకోండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. రాతినేలలో పదో వంతు భూమిలోపలికి దిగిందనుకుంటే 55 మిల్లీమీటర్లు. బోరు కింద వరి వేస్తే పంటకాలంలో 1,200 మిల్లీమీటర్లయినా పారించాలి. అంటే ఒక్క ఎకరం వరి 20 ఎకరాలకు పైగా ఇంకిన వానను తాగేస్తుంది. మడిలోంచి కొంత మళ్లీ ఇంకుతుంది కదా అంటారా? సగం ఇంకిందనుకున్నా పదెకరాల వాన ఖర్చే. ఇక ఆ రాయిలో నీళ్లు నిలిచే జాగా 2 శాతం అటూ ఇటూ. అందుకే 55 మిల్లీమీటర్లు ఇంకితే నీటిమట్టం రెండున్నర మీటర్లు దాటి పైకొస్తుంది. రైతు సంబరపడి మళ్లీ వరికే దుక్కి దున్నుతాడు. తోడితే అంత జోరుగానూ దిగుతుందని, దుక్కికి ముందే వచ్చి చెప్పేవాడు ఊళ్లో ఉండడు.

బోరులో ఎన్ని నీళ్లున్నాయంటే రైతు "రెండంగుళాలు" అంటాడు. ఆ రెండంగుళాలు గంటకు ఎన్ని లీటర్లో, వాటితో ఏ పంట ఎన్ని ఎకరాలు గట్టెక్కుతుందో చెప్పగలిగితే మీ మాట వింటాడు. లేదంటే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని, నీళ్లెక్కడ పడతాయో చెబుతానంటూ పొలమంతా తిరిగే ఆయన మాటే వింటాడు. ఆయన్ని ఎగతాళి చేయకండి. పిలిస్తే ఆ రోజే వస్తాడు, మన ఆఫీసుల్లో ఆ సుగుణం తక్కువ.

ఈ లెక్క రైతుల చేతికే ఇచ్చిన ప్రయత్నం మన దగ్గరే జరిగింది. 2003 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయంతో, ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే, రైతులే భూగర్భజలాల్ని చూసుకునే పథకం నడిచింది. అందులో రైతులే వానమాపకం చూసేవారు, బోర్లలోకి తాడు వదిలి నీటిమట్టం కొలిచేవారు, డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి బోరు ఎంత పోస్తోందో తేల్చేవారు. అంకెలన్నీ ఊళ్లో బోర్డు మీదికెక్కేవి. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకుంటున్న పంటలకు కావలసినవెన్ని అని జమాఖర్చు వేసేవారు. లోటు కనబడ్డా వరి మానమని ఎవరినీ ఎవరూ శాసించలేదు, మానినందుకు డబ్బులూ ఇవ్వలేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గింది, ఆరుతడి పంటలు పెరిగాయి. మీ చదువుకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

డ్రిప్ కంపెనీల్లో చాలామందికి ఉద్యోగాలొస్తాయి, సంతోషం. డ్రిప్ పెడితే ఎకరానికి పారే నీళ్లు తగ్గే మాట నిజమే. ఆ మిగిలిన నీళ్లతో పక్క ఎకరంలోనూ తోట పెడితే భూమిలో మిగిలేది సున్నా. అమ్మకాల టార్గెట్లలో ఈ లెక్క ఉండదు, మీ నోట్‌బుక్కులో ఉండాలి.

అన్నిటికీ ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. వరిలో తడిపొడి పద్ధతికి కావలసింది 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం ముక్క. కింది సగానికి చిల్లులు పెట్టి, ఆ సగం మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేస్తే చాలు. గొట్టంలో నీళ్లు మడి మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి. పూత సమయంలో మాత్రం మడిలో నీళ్లు నిలపాలి.

నీళ్లు ఎటు నుంచి వస్తాయో అందరూ చూస్తారు, ఎటు పోతాయో అడిగేవారు తక్కువ. కొల్లేరు సరస్సు చూడండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద అందులోకి చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. 2002లో దానికి చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో, ఆ వరద దారికి అడ్డుపడుతున్న చేపల చెరువులను, సరస్సు రక్షిత హద్దైన ఐదో కాంటూరు లోపలున్నవాటిని కొట్టించారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ గట్లు లేచాయి. అక్కడి జనానికి వేరే బతుకుతెరువు చూపించకుండా పొక్లెయిన్లు పంపితే ఇంతే జరుగుతుంది. పర్యావరణ ఉద్యోగంలో చేరేవారు ఆ చేపల రైతు జమాఖర్చు కూడా చదవాలి.

ఉద్యోగం ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా, స్వచ్ఛంద సంస్థదైనా మొదటి రెండేళ్లు ఫీల్డు అడగండి. జీతం కాస్త తగ్గినా సరే. తూము దగ్గర నీళ్లు వదిలే లస్కర్‌తో మాట్లాడి, అక్కణ్నుంచి కాలువ గట్టున శివారుదాకా నడవండి. ఉపగ్రహ చిత్రాలు చూడటం ఆ తర్వాత నేర్చుకున్నా నష్టం లేదు.

అమ్మాయిల తల్లిదండ్రుల్లో కొందరి మనసులో మాట నాకు తెలుసు: ఆడపిల్లను ఎండలో, కాలువ గట్ల మీద తిప్పే ఉద్యోగానికి పంపడమెలా అని. మీ బెంగ న్యాయమైనదే, కానీ దానికి మందు అమ్మాయిని ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టడం కాదు. క్యాంపుకు జీపు, సెక్షన్ ఆఫీసులో మరుగుదొడ్డి ఉండాలి. వాటిని మంజూరు చేయగల అధికారులు ఇక్కడే ముందు వరసలో కూర్చున్నారు. సభ అయ్యాక టీ దగ్గర వాళ్లను అడగండి, నేనూ మీ పక్కనే ఉంటాను.