లెక్కల ఉపాధ్యాయులను మనమే తయారు చేసుకుందాం

(జనగామలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్యనే గడిచింది. ఉపాధ్యాయ ఖాళీల పట్టిక నా చేతి మీదుగానే పైకి వెళ్లేది. ఉర్దూ మాధ్యమం గణితం పోస్టు ఎదురుగా ‘ఖాళీ’ అని ఏటేటా రాశాను. ఆ ఒక్క మాట వెనుక ఎందరు బిడ్డలు పదో తరగతి లెక్కల పరీక్ష దగ్గర ఆగిపోయారో ఆనాడు ఆలోచించలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈనాడు మీ ముందు నిలబడ్డాను.

ఈ ఖాళీలకు కారణాలు రెండు. రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ మాధ్యమం పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకరు. ఆ వర్గాల రిజర్వేషన్ న్యాయమైనది. దానిని మనం ప్రశ్నించరాదు. అభ్యర్థులు లేక మిగిలిన పోస్టులను మాత్రం డీ-రిజర్వ్ చేసి భర్తీ చేయమని ప్రభుత్వాన్ని అడగాలి.

రెండవ కారణం మన ఇళ్లలోనే ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ, ఆపై బీఎస్సీ, ఎడ్‌సెట్, రెండేళ్ల బీఈడీ, టెట్, చివరికి డీఎస్సీ. ఇన్ని మెట్లెక్కే లోపే పేదింటి బిడ్డ చదువు ఆగిపోతుంది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూలోనే బీఈడీ చదివే వీలుంది. కానీ అక్కడి దాకా చేరేవారెందరు? ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా బస్సు చార్జీలు, పుస్తకాలు, కోచింగు ఎవరు భరిస్తారు?

అమెరికాలో 2002 నాటి చట్టంతో నోయ్స్ ఉపకార వేతనాలు మొదలయ్యాయి. సైన్సు, గణితం చదివి ఉపాధ్యాయులు కాదలచినవారికి సాయం చేస్తారు. ఒక్కొక్క ఏడాది సాయానికి రెండేళ్ల చొప్పున, ఉపాధ్యాయుల కొరత ఉన్న బడులలో వారు పనిచేయాలి. ఇది దానం కాదు, ఒప్పందం.

మనమూ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి ఏటా ఇద్దరి చొప్పున ఆరుగురిని ఎంచుకుందాం. బీఈడీ ముగిశాక రెండేళ్లు సొంత జిల్లాలో బోధించాలి. ప్రభుత్వ ఉద్యోగం వస్తే బడిలో, రాకపోతే మన సాయంత్రం తరగతులలో. జకాత్ షరతులు లేకుండా అర్హులైన పేదలకే చెందవలసిన హక్కు. కనుక ఈ నిధికి వేరుగా విరాళాలు పోగుచేద్దాం. లెక్కలు నెలనెలా మసీదు నోటీసు బోర్డు మీద పెడదాం.

భూపాలపల్లి జిల్లా పేరులో జయశంకర్ సార్ ఉన్నారు. ఒక ఉపాధ్యాయుని పేరు జిల్లాకే పెట్టుకున్న నేల మనది. ఇక్కడ లెక్కలు చెప్పేవారు లేక ఏ బిడ్డ చదువూ ఆగరాదు. మొదటి విరాళంగా నా ఒక నెల పింఛను ఇస్తున్నాను. మిగిలినది మీ చేతుల్లో ఉంది.