రేచీకటి



శంషాబాదు విమానాశ్రయపు దీపముల వెలుగునుండి రాత్రివేళ పల్లెబాటకు మరలినవారికి క్షణకాలము కన్నులుండియు లేనట్లే తోచును. కొంతసేపు నిలిచినచో మొదట చింతచెట్టు, పిమ్మట గోడ, తుదకు వాకిటి మంచము పొడకట్టును. 2008లో విమానాశ్రయము తెరువబడక మున్ను మన కింతటి వెలుగును లేదు, ఇంతటి తికమకయు లేదు.

ఆ కొంతసేపటిలో జరుగునదేమి? కంటి వెనుకనున్న పలుచని పొరయందు కడ్డీలవంటి కణములు సుమారు 12 కోట్లు గలవు. చీకటిచూపు వీనిదే. వీనియందు రొడాప్సిన్ అను నెర్రని మాంసకృత్తు గలదు. వెలుగు సోకగానే యీ రంగు వెలిసిపోవుటను 1876లో ఫ్రాంజ్ బోల్ అను జర్మను పండితుడు కప్పకంటియందు గుర్తించెను.

ఈ మాంసకృత్తు నడుమ ‘ఏ’ విటమినునుండి పుట్టిన చిన్న తునక యొకటి కొడవలివలె వంగి యొదిగియుండును. వెలుగు తగిలినంతనే యది తిన్ననగును. దానితో మాంసకృత్తు ఆకృతి మారును. ఆ మార్పే గొలుసుకట్టుగా సాగి, నరముద్వారా మెదడునకు వార్త చేర్చును. తిన్ననైన తునక విడిపోయి, మరల వంగి వచ్చి చేరినగాని రంగు నిండదు. మనము బాటలో నిలిచి వేచియుండుట యిందులకే. కన్ను చీకటికి పూర్తిగా నలవడుటకు అరగంటకు పైగా పట్టును.

‘ఏ’ విటమిను కొరవడినచో ఆ రంగు నిండనే నిండదు. అదే రేచీకటి, మన వైద్యగ్రంథముల నక్తాంధ్యము. సుశ్రుతుడు దీనికి మేక కాలేయమును విధించెను. కాలేయమున ‘ఏ’ విటమిను సమృద్ధిగా నుండునని తెలియుటకు మాత్రము ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చెను. 1933లో కంటిపొరయందే యీ విటమినును కనుగొన్న జార్జి వాల్డునకు 1967లో నోబెల్ బహుమానము లభించెను.

నేను బడిపంతులుగా నున్నప్పుడు ఒక బాలుడు సందెవేళ గోడ తడవుకొనుచు నింటికి పోవుచుండెడివాడు. పగలు చక్కగా చదువువాడు సాయంకాలము తడబడుట నాకు నటనగా తోచి కసరితిని. నాకు వ్యాకరణము వచ్చునుగాని వాని కంటి సంగతి రాలేదు. వైద్యుడు చెప్పిన పిమ్మట ఆ బాలుని మొగము చూచుటకు సిగ్గుపడితిని.

ఈ లోపమును అలక్ష్యము చేసినచో నల్లగ్రుడ్డుపైపొర యెండి, కరగి, చూపు శాశ్వతముగా పోవచ్చును. అందుకే 1970లో దేశమంతట పసిపిల్లలకు ఆరునెలల కొకమారు ‘ఏ’ విటమిను ద్రావకమును పోయు పథకము మొదలయ్యెను. దానికి దారి చూపినది, 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలయే.

మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, పాలు, గ్రుడ్లు ఈ లోటును పూరించును. ఆకుకూర యందలి సారము ఒంటబట్టుటకు కొంచెము నూనె తోడు కావలెను. మా యింట ఉత్త ఉడుకబెట్టిన కూరయే పథ్యమని యేండ్లతరబడి తింటిమి!

అయితే రేచీకటి యెల్ల ఆహారలోపమే కాదు. పుట్టుకతోనే ఆ మాంసకృత్తు చెడినవారును గలరు. వారికి ఆకుకూర చాలదు. మందు మోతాదు మించినను హానియే. కావున సందెవేళ పిల్లవాడు గడప తడవుకొన్నచో కసరక, ఆ వారమే వైద్యునకు చూపుడు.