జింక మేసింది మా సేను, మీటింగ్ జరిగేది యాడనో!

పగిడ్యాల నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా.

ఈ ఎపిసోడ్ ఒక కామెంట్ నుంచి పుట్టింది. పోయిన నెల రోళ్లపాడు మీద ఒక చిన్న రీల్ పెట్టా. సాయంత్రం ఎండ, ఎండుగడ్డి, కృష్ణజింకల మంద ఎగిరెగిరి పోతా ఉంటే వెనకాల మంచి మ్యూజిక్. లైకులు బాగానే వచ్చాయి. కింద ఒకాయన రాశాడు: "అన్నా, జింకలు సూపర్. కానీ అవి మేసేది మా శనగ సేన్లో. దాని రీల్ ఎప్పుడు పెడతావు?"

నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే మా సొంత మామది కూడా ఇదే కథ. ఆయన సేను ఆ గడ్డిబీడుకు దగ్గర్లోనే ఉంది. ఆదివారం పోయి కలిశా. రీల్ చూపిస్తే నవ్వినాడు. "ఏం రా అల్లుడా, ఫోన్లో సూస్తే జింక ముద్దుగానే ఉంటాది. రాత్రిపూట నాతో పాటు సేనికాడ పండుకో, అప్పుడు తెలుస్తాది" అన్నాడు. కాసేపు ఊరుకుని ఇంకో మాట అన్నాడు. "జింకను కాపాడొద్దని నేను అంటాండానా? దాన్ని కాపాడేదానికి ఏదో మీటింగ్ పెట్టుకుంటారు కదా, ఆడ మమ్మల్ని ఎవరన్నా ఒక మాట అడిగినారా?"

నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినోడిని. అక్కడ మాకు మొదట నేర్పేది ఏంటి? యూజర్‌ని అడక్కుండా యాప్ చేస్తే ఎంత బాగా కోడ్ రాసినా వాడేవాడు ఉండడని. మరి అడవి విషయంలో, జింక విషయంలో యూజర్ ఎవరు? అడిగేది ఎవరు? ఇంటికొచ్చి చట్టం తెరిచి కూర్చున్నా. నాకు అర్థమైంది ఈరోజు మీకు చెప్తా. చివరి దాకా ఉండండి, చివర్లో మనం చేయాల్సిన పని ఒకటుంది.

ముందు రోళ్లపాడు గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నందికొట్కూరు దాటి మిడుతూరు మండలంలోకి పోతే వస్తుంది. 614 హెక్టార్లు, అంటే సుమారు 1,500 ఎకరాల గడ్డిబీడు. 1988లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఎవరి కోసం? జింకల కోసం కాదు, బట్టమేక పిట్ట కోసం. మగ పిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఇదొకటి. చెట్టు మీద గూడు కట్టదు, నేల మీదే గుడ్డు పెడుతుంది, అది కూడా మామూలుగా ఒక్కటే. కాబట్టి దానికి కావాల్సింది దట్టమైన అడవి కాదు, మనం "ఉత్త బీడు" అని తీసిపారేసే నేల, దాని చుట్టూ జొన్న, శనగ లాంటి మెట్ట పైర్లు. మా తాత సేద్యానికి పోయేటప్పుడు ఈ పిట్టను చూసేవాడంట. నేను మాత్రం ఫోటోలోనే చూశా.

తర్వాత కాలువ నీళ్లు వచ్చాయి, మెట్ట పైర్లు మారిపోయాయి. నీళ్లు రావడం రైతుకు మంచిదే, దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. కానీ పిట్టకు చోటు తగ్గింది. ఈరోజు దేశంలో అడవిలో మిగిలిన బట్టమేక పిట్టలు సుమారు 150 అని అంచనా, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే ఉన్నాయి. ఇక్కడేమో జింకలు పెరిగాయి. వాటికి కంచెలు తెలియవు, సర్వే నంబర్లు తెలియవు. కృష్ణజింక చట్టంలో ఒకటో షెడ్యూల్‌లో ఉంది, చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఉండాల్సిందే. కానీ మా మామ వైపు నుంచి చూడండి. పిట్ట పోయినప్పుడు ఆయన్ని ఎవరూ అడగలేదు, జింక వచ్చినప్పుడూ అడగలేదు.

సరే, అడగాల్సింది ఎవరు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక రాష్ట్ర వన్యప్రాణి బోర్డు ఉంటుంది. అధ్యక్షుడు ముఖ్యమంత్రి. ఉపాధ్యక్షుడు అటవీ మంత్రి. ముగ్గురు శాసనసభ్యులు, స్వచ్ఛంద సంస్థల నుంచి ముగ్గురు, పేరున్న పర్యావరణవేత్తలు పది మంది. ఈ పది మందిలో కనీసం ఇద్దరు షెడ్యూల్డ్ తెగలవాళ్లు ఉండాలి. ఇంకా అటవీ శాఖ, పోలీసు, టూరిజం, పశుసంవర్ధక శాఖ, మత్స్య శాఖ, ఆఖరికి సైన్యం నుంచి కూడా ఒకరు. ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలి. అడవిలో ఉండేవాళ్ల అవసరాలకూ, వన్యప్రాణుల రక్షణకూ పొత్తు కుదిర్చే సలహా ఇవ్వడం కూడా వీళ్ల పనుల్లో ఒకటి.

ఆ లిస్టు నేను రెండుసార్లు చదివా. బ్రిగేడియర్‌కి కుర్చీ ఉంది. రైతు అని రాసిన కుర్చీ లేదు, సర్పంచ్ అని రాసిన కుర్చీ లేదు. పైగా ఆ ప్రైవేటు సభ్యులను నామినేట్ చేసేది ప్రభుత్వమే. 2022లో చట్టం మార్చి ఇంకోటి కలిపారు. రాష్ట్ర బోర్డు ఒక స్టాండింగ్ కమిటీ పెట్టుకోవచ్చు. దానికి అటవీ మంత్రి అధ్యక్షుడు, ఆయన ఎంపిక చేసే సభ్యులు పదికి మించకూడదు. పని తొందరగా అవుతుంది, ఒప్పుకుంటా. కానీ మాట్లాడే గొంతులు కూడా తగ్గుతాయి కదా?

అందరికీ ఇలాగే ఉంటుందా అంటే, ఉండదు. మా పిన్ని కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి టెక్సస్ రాష్ట్రంలో పార్కులకూ వన్యప్రాణులకూ ఒక కమిషన్ ఉంది. తొమ్మిది మంది సభ్యులు, వాళ్లను గవర్నర్ నియమిస్తాడు. అంటే అక్కడా పెద్దోళ్లే కూర్చుంటారు. కానీ ఏడాదికి ఒకసారి బహిరంగ విచారణ పెడతారు. పేరు రాయించుకుంటే ఎవరైనా లేచి, పార్కుల మీద గానీ జంతువుల మీద గానీ తమ మాట చెప్పొచ్చు. విన్నంత మాత్రాన ఒప్పుకోవాలని రూలేం లేదు. అయినా ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది. మన రాష్ట్ర బోర్డు గురించి చట్టం చెప్పిన చోట అలాంటి మైకు ఎక్కడా లేదు.

మైకు లేకపోతే ఏం జరుగుతుందో మనం చూశాం. దూరం పోనక్కర్లేదు, మన కృష్ణకు అవతలి గట్టునే. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం అన్వేషణ చేసే ప్రతిపాదనకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. నల్లమల చెంచులు, ఊర్లవాళ్లు, విద్యార్థులు రోడ్డెక్కారు. సోషల్ మీడియా మొత్తం నల్లమల పేరుతో నిండిపోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. జనం గెలిచారు, బాగుంది. కానీ చూడండి, పేపర్ మీద సరే అన్నాక జనం అరవాల్సి వచ్చింది. ముందే అడిగుంటే రోడ్డెక్కే పనేముంది? యురేనియం పెద్ద వార్త కాబట్టి అంతమంది అరిచారు. మా మామ నాలుగెకరాల శనగ కోసం ఎవరు ట్రెండింగ్ చేస్తారు?

ఇక్కడిదాకా చదివి నేను లాప్‌టాప్ మూసేద్దామనుకున్నా. కానీ ఇంకొన్ని పేజీలు కిందికి పోతే సెక్షన్ 33-బి కనిపించింది. ఈరోజు మీరు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ప్రతి అభయారణ్యానికీ రాష్ట్ర ప్రభుత్వం ఒక సలహా కమిటీ వేయాలి. వేయొచ్చు కాదు, వేయాలి. అటవీ శాఖ పెద్దాఫీసరు దానికి అధ్యక్షుడు. ఆ అభయారణ్యం ఏ నియోజకవర్గంలో ఉంటే ఆ ఎమ్మెల్యే సభ్యుడు. పంచాయతీరాజ్ సంస్థల నుంచి ముగ్గురు. స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, వన్యప్రాణుల కోసం పనిచేసే వ్యక్తులు ముగ్గురు. చుట్టుపక్కల ఊర్ల జనాన్ని ఎలా కలుపుకుపోవాలో చెప్పడం కూడా ఆ కమిటీ పనే అని అందులోనే రాసుంది.

ఇప్పుడు కలిపి చూడండి. రోళ్లపాడు ఉండేది నందికొట్కూరు నియోజకవర్గంలో. మన పగిడ్యాల కూడా అదే నియోజకవర్గం. అంటే నేనూ మా మామా ఓటేసే ఎమ్మెల్యేకి ఆ కమిటీలో చట్టమే కుర్చీ వేసింది. సర్పంచో, ఎంపీటీసీనో, జెడ్పీటీసీనో, ముగ్గురికి చోటుంది. అమరావతిలో జరిగే బోర్డు మీటింగ్‌కి మా మామ పోలేడు. కానీ సర్పంచ్ ఇంటికి నడిచి పోగలడు. ఎన్నికలప్పుడు రోడ్డు అడుగుతాం, నీళ్లు అడుగుతాం, పింఛన్ అడుగుతాం. "ఆ కమిటీలో మా సేన్ల గురించి ఏం మాట్లాడినావన్నా?" అని ఏ ఎమ్మెల్యేనైనా ఎప్పుడైనా అడిగామా? నేనైతే అడగలేదు. అట్లాంటి కుర్చీ ఒకటుందనే నాకు తెలియదు.

అందుకే పని మొదలుపెట్టా. సమాచార హక్కు దరఖాస్తు రాశా, స్క్రీన్ మీద చూపిస్తున్నా చూడండి. నాలుగు ప్రశ్నలు. ఒకటి, రోళ్లపాడు అభయారణ్యానికి సెక్షన్ 33-బి కింద సలహా కమిటీ వేశారా, వేస్తే ఆ ఉత్తర్వు కాపీ ఇవ్వండి. రెండు, అందులో పంచాయతీరాజ్ ప్రతినిధులు ముగ్గురూ ఎవరు? మూడు, గత ఐదేళ్లలో ఏ తేదీల్లో కూర్చున్నారు, మినిట్స్ కాపీలు ఇవ్వండి. నాలుగు, జింకల వల్ల పంట పోయిందని ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎంతమందికి ఎంత పరిహారం ఇచ్చారు?

ఫీజు 10 రూపాయలు. టీ ఖర్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే రాష్ట్ర సమాచార కమిషన్. దరఖాస్తు రాసేటప్పుడు తిట్లు, కథలు వద్దు. తేదీ, ఉత్తర్వు, కాపీ, అంతే అడగండి. బగ్ రిపోర్ట్ రాసినట్టు రాయండి, మన బీటెక్ వాళ్లకు అలవాటేగా!

ఇంకోటి. అభయారణ్యాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలం ప్రకటించే ముందు కేంద్రం గెజిట్‌లో ముసాయిదా పెడుతుంది. 60 రోజుల్లో ఎవరైనా అభ్యంతరమో, సలహానో రాతపూర్వకంగా పంపొచ్చు. ఆ గెజిట్‌ను మా మామ చూడడు. ఊర్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లోడు చూడగలడు, చదివి రచ్చబండ దగ్గర చెప్పగలడు. డిగ్రీలు చేసి మనం ఊరికి ఆమాత్రం పనికి రాకపోతే ఎట్లా?

కొందరు అంటారు, రైతులను కూర్చోబెడితే జింకలన్నీ వద్దంటారని. నేను మా మామను అదే అడిగా. "మామా, నీకు కుర్చీ వేస్తే ఏమంటావు?" ఆయన ఆలోచించి చెప్పినాడు. "బీడులో గడ్డి బాగా పెరిగేటట్టు సూడమంటా. ఎండకాలం లోపల్నే వాటికి నీళ్ల తొట్లు నింపమంటా. పంట పోయినోనికి పంట కోతలకు ముందే లెక్క కట్టమంటా. ఆ బట్టమేక పిట్ట మళ్లీ వస్తే నా సేన్లో ఒక మూల జొన్న వదిలేస్తా." ఆ ఆఖరి మాట నేను రికార్డు చేయలేదు ఫ్రెండ్స్. ఫోన్ జేబులో ఉండిపోయింది. అందుకే ఇప్పుడు మీకు నోటితో చెప్తున్నా.

ఈ దరఖాస్తుకు ఏ జవాబు వచ్చినా, ఉన్నది ఉన్నట్టు ఇంకో ఎపిసోడ్‌లో చదివి వినిపిస్తా. అంతలోపు మీరొక పని చేయండి. మీ దగ్గర్లో ఏ అభయారణ్యం ఉందో, అది ఎవరి నియోజకవర్గంలోకి వస్తుందో కామెంట్‌లో రాయండి. శ్రీశైలం వైపువాళ్లు, కొల్లేరు వైపువాళ్లు, పులికాట్ వైపువాళ్లు కూడా. దరఖాస్తు నమూనా డిస్క్రిప్షన్‌లో పెట్టా, ఊరి పేరు మార్చుకుంటే చాలు.

ఆ కామెంట్ పెట్టిన అన్నా, నీ రీల్ ఇదే. కొంచెం పొడుగైంది, ఏమనుకోవద్దు. ఉంటా మరి, మళ్లీ కలుద్దాం.