రెండు శ్రావణములు, ఒక గ్లాసు

(ఉపన్యాస పాఠము)

రాయపూరులో కాపురమున్న తెలుగు కుటుంబములకు ఒక విశేషము కలదు. మోవాలో ఒకే ప్రహరీగోడకు ఈవల తెలుగువారి ఇల్లు, ఆవల ఛత్తీస్‌గఢీ వారి ఇల్లు ఉన్నచో, శ్రావణమాసము ఆ రెండిండ్లలోను ఒకనాడు ప్రవేశింపదు. ఇచటి పంచాంగము పూర్ణిమతో మాసమును ముగించును. తెలుగు పంచాంగము అమావాస్యతో ముగించును. అందుచే గురుపూర్ణిమ మరునాడే పొరుగింట ‘సావన్’ మొదలగును. తెలుగువారి శ్రావణమునకు ఇంకొక పక్షము వేచియుండవలెను. పొరుగువారు హరేలీ పండుగ చేసికొన్న మరునాడు తెలుగింట శ్రావణ శుద్ధ పాడ్యమి. రాఖీ పూర్ణిమతో వారి మాసము ముగియును. వారు పోలా పండుగ జరుపుకొను అమావాస్యయే తెలుగువారి పోలాల అమావాస్య; ఆనాటితో తెలుగు శ్రావణము ముగియును.

మద్యము ప్రసంగములో ఈ తిథుల లెక్క ఏలయని సందేహింపవచ్చును. శ్రావణమున మాంసమును మద్యమును మానువారు గోడకు ఇరుప్రక్కలను కలరు. తప్పించుకొనదలచిన తెలుగు గృహస్థు మొదటి పక్షమున “మా శ్రావణమింకను రాలేదు” అనును. చివరి పక్షమున “ఈ ఊరివారి శ్రావణము ముగిసినది గదా” అనును. ఇట్లు పదునైదు దినములతో వ్రతము చెల్లించును. నిలబడదలచినవానికో, అధికమాసము లేని యేట అవే రెండు పంచాంగములు కలిసి నలువదియైదు దినములు ప్రసాదించును. పంచాంగము ఒక్కటే, చదువు మనస్సులు రెండు.

అయ్యప్ప దీక్షలో నలువదియొక్క దినములు, కార్తికమున ముప్పది దినములు మద్యమును ముట్టని తెలుగువారు వేలకొలది కలరు. ఇతర దేశములలోను ఇట్టి యత్నములు లేకపోలేదు. ఫిన్లాండు దేశము 1942 జనవరిలో మద్యరహిత మాసమును పాటించినది. బ్రిటనులో 2013 నుండి ‘డ్రై జనవరి’ అను ఉద్యమము సాగుచున్నది. కావున నెల దినములు మానుట అసాధ్యము కాదు. ఆ నెలలో ప్రతి సాయంకాలమును దాటుటయే కష్టము.

చట్టము ఎంతవరకు తోడు రాగలదో తెలుగువారు ఎరుగుదురు. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. 1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధ వివాదముపైననే పడిపోయినది. 1990 దశకపు ఆరంభమున నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మున్నగు స్త్రీలు సారాయిపై తిరుగబడిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1995లో సంపూర్ణ నిషేధమునకు దారితీసెను. 1997లో ఆ నిషేధము సడలిపోయెను. స్త్రీల సాహసము చిన్నది కాదు. అయినను చట్టము అంగడి తలుపును మూయగలదు గాని, సాయంకాలము ఆరు గంటలను మూయజాలదు.

ఆ ఆరు గంటల వేళ ఎట్టిది? కార్యాలయము నుండి ఇల్లు చేరిన మనిషికి అలసట, కొంత ఆకలి, కొంత విసుగు. చేయి గ్లాసును వెదకును. గొంతు ఘాటును కోరును. నాలుక ఉప్పు కారములను తలచును. అట్టివానికి తియ్యని షర్బతు ఇచ్చినచో ఒక్క గుక్కలో త్రాగి, గ్లాసు క్రిందపెట్టి, మరల గడియారము వంక చూచును. కావున మద్యమునకు బదులు నిలువవలసిన పానీయము తీపిగా నుండుట చాలదు. అది గొంతును కొంత మండింపవలెను, మెల్లమెల్లగా త్రాగించుకొనవలెను, చేయుటకు కొంత కాలము పట్టవలెను. ఈ మూడు లక్షణములును గల పానీయములు తెలుగువారి వంటింటనే కలవు.

మొదటిది పానకము. మంగళగిరి పానకాల నరసింహస్వామి భక్తులు పోసిన పానకమున సగము స్వీకరించి, సగము వారికే విడుచునని ప్రతీతి. శ్రీరామనవమికి పిల్లలు త్రాగునట్లు తీపి హెచ్చుగా చేయుదురు. ఈ వ్రతమునకు బెల్లము తగ్గించి, ఘాటు పెంచవలెను. లీటరు నీటికి ఏబది గ్రాముల బెల్లము, చెంచాడు మిరియాల పొడి, అర చెంచా శొంఠి, నాలుగు ఏలకులు, ఒక నిమ్మకాయ రసము చాలును. మధుమేహము గలవారు దీనిని విడిచి తక్కినవానిని ఆశ్రయించుట మేలు.

రెండవది మజ్జిగ. ఒక గిన్నెడు పెరుగునకు నాలుగు గిన్నెల నీరు పోసి, కవ్వముతో చిలికి వెన్న తీయవలెను. అల్లము, పచ్చిమిరప, కరివేపాకు, ఉప్పు రోట నూరి కలిపి వడకట్టవలెను.

మూడవది, వానకాలమునకు మిక్కిలి తగినది, మిరియాల చారు. పప్పు వేయక, పలుచని చింతపండు రసమున మిరియాలు, జీలకర్ర దంచి వేసి మరగించి, ఇంగువ పోపు పెట్టవలెను. దీనిని అన్నములో గాక గ్లాసులో పోసికొని కూర్చుండవలెను. వేడిగా నుండును గనుక తొందరగా త్రాగుట సాధ్యము కాదు. ప్రక్కన వేయించిన వేరుసెనగలు ఉండనే యుండును. వెనుకటి సాయంకాలపు వస్తువులన్నియు అచటనే యుండును. సీసా ఒక్కటియే ఉండదు.

నాలుగవది రాత్రి త్రాగు ధనియాల కషాయము. ధనియాలు రెండు పాళ్లు, జీలకర్ర ఒక పాలు, శొంఠి అర పాలు వేయించి పొడిచేసి నిలువ చేసికొనవలెను. గ్లాసు నీటికి చెంచాడు వేసి మరగించిన చాలును. మద్యము మానిన తొలి దినములలో నిద్ర పట్టక లేచి కూర్చుండువానికి, ఆ వేళ చేయుటకు ఒక పని, త్రాగుటకు ఒక వెచ్చని వస్తువు లభించును.

ఒక జాగ్రత్త అవసరము. తీపి నీటిలో ఈస్టు చేరినచో చక్కెర మద్యముగా మారును. తెల్లవారకముందు తియ్యని నీరాగా దిగిన చెట్టురసము, అట్లే విడిచినచో ప్రొద్దెక్కునప్పటికి కల్లగుట అందుకే. కావున పానకమును ఏ పూటకాపూట చేసి, మిగిలినదానిని నిలువ యుంచరాదు.

ఇంతకన్న పెద్ద జాగ్రత్త మరొకటి. ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగా త్రాగువారు ఒక్కసారిగా మానినచో చేతులు వణకుట, చెమటలు పట్టుట, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణాపాయమును సంభవింపవచ్చును. అట్టివారికి ముందు వైద్యుడు, తరువాత వ్రతము. అది భక్తిలోపము కాదు, వ్యాధి లక్షణము.

ఇక మిగిలినది ముఖ్యమైన ప్రశ్న: ఈ పానీయములను ఎవరు చేయవలెను? “ఈ నెల మానుచున్నాను, ఏదైన చేసిపెట్టుము” అని గృహస్థు కుర్చీలో కూర్చున్నచో వ్రతము అతనిది, శ్రమ ఇల్లాలిది యగును. నోములతో, పూజలతో శ్రావణమున ఆమెకు పని ముందే హెచ్చు. అదియునుగాక, కోరిక అలవలె లేచి కొంతసేపటికి తగ్గును. ఆ కొంతసేపు ఊరక కూర్చున్నవానిని అది ముంచును. మిరియాలు దంచువాడు, మజ్జిగ చిలుకువాడు, చారు పొంగకుండ పొయ్యివద్ద కావలి యుండువాడు ఆ అలను నిలిచి దాటును. కావున త్రాగువాడే చేయవలెను. తొలినాడు ఉప్పు హెచ్చును, రెండవనాడు పోపు మాడును, పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు. ఆరు గంటలకు తండ్రి యింటనుండుటయు, ఆయనను చూచి నవ్వగలుగుటయు కొన్ని యిండ్ల పిల్లలకు క్రొత్త.

గోడకు ఆవలివారికి బోరే బాసి కలదు. రాత్రి అన్నమును నీట నానవేసి ఉప్పు, ఉల్లిపాయలతో తినునది. తెలుగువారి చద్దన్నమునకు అది తోబుట్టువు. ఒక గ్లాసు చారు ఆవలికి, ఒక గిన్నె బాసి ఈవలికి మారినచో రెండు శ్రావణములును కలియును. సాయంకాలమునకు ఒక తోడు దొరకును.

పోలాల అమావాస్య మరునాడు వ్రతము ముగియును. ఆనాడు ఆరు గంటలకు పంచాంగము ఏమియు చెప్పదు. అప్పటికి మిరియాల డబ్బా ఖాళీయై, మరల నింపబడియున్నచో ఆ నెల వృథా కాలేదని తెలియవలెను.