మెట్టసీమవారికి ఓడల చరిత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



సముద్రమును కన్నెత్తి చూడని మెట్టసీమవారికి ఓడలతో పనియేమి యని కొందరు అడుగవచ్చును. అనంతపురపు పీఠభూమిపై సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వాన తూర్పుతీరమున కురిసి, ఇచ్చటికి చేరునప్పటికి సన్నగిల్లును. దేశమంతట పంటలు తప్పిన యేట గింజ పరదేశము నుండి రావలసినదే. అది ఓడనెక్కియే రావలెను. ఆ ఓడ యెవరిది? దాని కేవును, అనగా బాడుగను, నిర్ణయించువారెవరు? ఈ ప్రశ్నలకు సింధియా స్టీం నావిగేషన్ కంపెనీ చరిత్రము సమాధానము చెప్పును.

అంతకు పూర్వమే 1906లో వి. ఓ. చిదంబరం పిళ్ళె తూత్తుకుడిలో స్వదేశీ నౌకాసంఘమును స్థాపించి కొలంబోకు ఓడలు నడపెను. ఆంగ్లేయుల కంపెనీ బాడుగలు తెగ తగ్గించి పోటీకి వచ్చెను. 1908లో ప్రభుత్వము ఆయనను రాజద్రోహ నేరముపై చెరసాలకు పంపెను. సంఘము నిలువలేదు.

1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మున్నగువారు గ్వాలియరు మహారాజు సింధియా వద్దనుండి ఒక పాత ఓడను కొనిరి. అది 1891లో కెనడా కంపెనీ కొరకు నిర్మింపబడి, మొదటి ప్రపంచయుద్ధమున క్షతగాత్రులకు ఆసుపత్రిగా నుండినది. 'లాయల్టీ' అను పేర 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుండి లండనుకు బయలుదేరినది. ఆ దినమే నేడు జాతీయ నౌకాదినము. మహారాజు వంశనామమే కంపెనీకి పేరైనది.

వెంటనే బాడుగల యుద్ధము తిరిగి మొదలైనది. 1923లో కంపెనీ తలయొగ్గి ఒడంబడిక చేసికొనవలసి వచ్చెను. పది సంవత్సరములు తన ఓడల పరిమాణము 75,000 టన్నులు మించరాదు. భారత, బర్మా, సింహళ తీరములు దాటి వ్యాపారము చేయరాదు. తన సొమ్ముతో తాను ఓడ కొనుటకు పరుల అనుమతి! 1928లో యస్. యన్. హాజీ తీరవాణిజ్యమును స్వదేశనౌకలకే ప్రత్యేకింపవలెనని కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చినను అది శాసనము కాలేదు.

ఓడలు కొనుట చాలదు, కట్టవలెనని కంపెనీ విశాఖపట్టణమును ఎన్నుకొనెను. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖపై బాంబులు వేసిరి, పని కుంటువడెను. అయినను 1948 మార్చి 14న 'జల ఉష' అను 8,000 టన్నుల ఓడను నెహ్రూ నీటిలోనికి విడిచిరి. 1952లో హిందూస్థాన్ షిప్‌యార్డు ఏర్పడి ఆ శాలను గైకొనెను; 1961లో అది పూర్తిగా ప్రభుత్వపరమైనది.

'లాయల్టీ' అనగా విధేయత. పిదప వచ్చిన ఓడలకు జలబాల, జలదూత మున్నగు సమాసములు పేళ్ళైనవి. పేరు మారుటలోనే మనసు మారుట తెలియుచున్నది.

ఇక గింజ మాట. 1951లో అమెరికా 19 కోట్ల డాలర్ల అప్పుమీద 20 లక్షల టన్నుల ధాన్యమునకు శాసనము చేసెను. 1952లో రాయలసీమ గంజికేంద్రములతో ప్రాణము నిలుపుకొనెను. 1954లో అమెరికా మరియొక శాసనము చేసెను: ప్రభుత్వ సహాయముగా పంపు సరకులో సగమునకు తక్కువ కాకుండ, బాడుగ న్యాయమైనంతవరకు, అమెరికా జెండాగల ఓడలలోనే పోవలెను. ఇందు తప్పు పట్టవలసినది లేదు. హాజీ బిల్లు వలె తన ఓడను కాచుకొనుటయే. దానమిచ్చువాడు సైతము తన బండిని మరువలేదు!

గోధుమలు వచ్చుచున్న ఆ కాలముననే, 1965 ఆగస్టు 13న, జలదూత కలకత్తా విడిచి అమెరికాకు పయనించెను. కంపెనీ అధినేత్రి సుమతీ మొరార్జీ ఉచితముగా చోటీయగా, 68 ఏండ్ల భక్తివేదాంత స్వామి శ్రీమద్భాగవత ప్రథమస్కంధమునకు తాను వ్రాసిన ఆంగ్ల సంపుటములతో అందు ఎక్కిరి. సెప్టెంబరు 17న బోస్టను చేరిరి. అటునుండి ధాన్యము, ఇటునుండి గ్రంథము.

కాలక్రమమున అప్పులభారము క్రుంగదీయగా, ఇరువదవ శతాబ్ది ముగియులోపలనే సింధియా నౌకావైభవము అంతరించెను. పరులతో పోరి నిలిచిన సంస్థ జమాఖర్చులు తప్పి పడిపోవుట విచారకరమే. కాని విశాఖలో ఆ నిర్మాణశాల నేటికిని పనిచేయుచున్నది.

పరుల బండి నెక్కినవాడు బండివాడు దింపినచోట దిగవలెను. గింజ పండించుకొనుట ఎంత అవసరమో, గింజను మోయు సాధనము మనకుండుట అంత అవసరము. ఈ గ్రంథాలయపు గోడమీది భూపటమున పెద్దలు పిల్లలకు అనంతపురమును చూపునపుడు, విశాఖరేవును గూడ చూపి ఈ కథ చెప్పుదురు గాక!