పంటలో ఎవరి వాటా ఎంత? సంక్రాంతి అడిగే లెక్క

(సంక్రాంతి సందర్భంగా జరిగిన రైతు సంఘం గ్రామ శాఖల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్రాంతి గురించి పది రోజులుగా టీవీలు మాట్లాడుతూనే ఉన్నాయి. కోడిపందేలు, పిండివంటలు, పట్నం నుంచి బారులు తీరిన కార్లు, కొత్త సినిమాలు. వాటిలో రైతు కనబడతాడు గానీ తలపాగా చుట్టుకుని నవ్వే బొమ్మలాగా కనబడతాడు. ఈ పండగ పుట్టింది పొలంలో, పెరిగింది కళ్ళంలో. దీని గురించి చెప్పాల్సిన మాట మనకూ ఉంది. అందుకే పండగ పనులు పక్కన పెట్టి ఒక గంట కూర్చుందాం అనుకున్నాం.

పొద్దు లెక్కన వచ్చే పండగ

ఉగాది, దసరా, దీపావళి తిథిని బట్టి వస్తాయి కాబట్టి ఏటా తేదీ మారుతుంది. సంక్రాంతి మాత్రం జనవరి 14 లేదా 15. అది చంద్రుడి లెక్క కాదు, సూర్యుడి లెక్క. సంక్రమణం అంటే ఒక రాశి దాటి ఇంకో రాశిలో ప్రవేశించడం. ఏడాదికి ఇలాంటివి పన్నెండు ఉంటాయి. మిగతా పదకొండూ పంచాంగంలోనే ఉండిపోయాయి. మకర సంక్రాంతి ఒక్కటే వీధిలోకి వచ్చి పెద్ద పండగ అయింది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. అప్పటికి సార్వా పంట కోతలై, నూర్పిళ్ళై, గింజ ఇంటికి చేరుతుంది.

ఉత్తరాయణం ఈ రోజునే మొదలవుతుందని పంచాంగం చెబుతుంది. నిజానికి పగలు పెరగడం డిసెంబరు 22 నుంచే మొదలవుతుంది. ఈ తేడాకు కారణం ఉంది. భూమి ఇరుసు తిరిగే బొంగరం తల ఊగినట్టు చాలా మెల్లగా ఊగుతుంది. అందువల్ల సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున సంక్రాంతి వెనక్కి జరుగుతూ వస్తోంది. వివేకానందుడు పుట్టిన 1863లో మకర సంక్రాంతి జనవరి 12న వచ్చింది. సుమారు 1,700 ఏళ్ళ కిందట సంక్రాంతీ, పగలు పెరగడం మొదలయ్యే రోజూ ఒకటిగానే ఉండేవి. పొద్దు పొడుగును చూసి పనికాలం కొలిచిన మనుషుల లెక్క ఇది.

పురాణం చాలా కథలు జోడించింది. భీష్ముడు అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఎదురుచూశాడని ఒకటి. భగీరథుడి వెంట వచ్చిన గంగ కపిల మహర్షి ఆశ్రమం దగ్గర సముద్రంలో కలిసిందని ఇంకొకటి. ఇప్పటికీ బెంగాల్ గంగాసాగర్‌లో సంక్రాంతికి లక్షల మంది మునుగుతారు. ధనుర్మాసం నెల పొడుగునా వ్రతం పట్టిన గోదాదేవి రంగనాథుడిని చేరుకుంది భోగి నాడేనని వైష్ణవాలయాల్లో కల్యాణం చేస్తారు.

రైతుకు దగ్గరి కథ మాత్రం బసవన్నది. మనుషుల్ని రోజూ తలంటు పోసుకోమని, నెలకోసారి తినమని చెప్పి రమ్మని శివుడు బసవన్నను పంపాడట. బసవన్న తడబడి, రోజూ తినండి, నెలకోసారి తలంటుకోండి అని చెప్పి వచ్చాడు. రోజూ తినాలంటే అంత పంట ఎవడు పండిస్తాడు, నువ్వే పోయి దున్ను అన్నాడట శివుడు. అలా ఎద్దు మెడ మీదికి కాడి వచ్చింది. ఈ కథ కట్టినవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. లోకం రోజూ తింటోందంటే ఎవరో ఒకరి మెడ కాడి కింద ఉన్నట్టే.

ప్రతి ఆచారం ఒక పంపకం

జ్యేష్ఠ పున్నమికి ఏరువాక సాగుతాం. అప్పుడు మొదలైన లెక్క సంక్రాంతికి ముగుస్తుంది. ఈ నాలుగు రోజుల ఆచారాలను వరసగా చూడండి. అన్నీ పంపకాలే.

మొదటి వాటా పొద్దుది. కొత్త బియ్యం, పాలు, కొత్త బెల్లం పొంగించి సూర్యుడికి చూపిస్తాం. తర్వాత పెద్దలది. ఉత్తరాంధ్రలో పెద్ద పండగంటే చనిపోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి తలుచుకోవడమే. చెరువు తవ్వినవాళ్ళు, గట్టు వేసినవాళ్ళు, బీడు కొట్టినవాళ్ళు వాళ్ళు. ఆ రుణం ఏడాదికోసారి ఒప్పుకుంటాం. ఆ తర్వాత ఆడపడుచులది, అల్లుళ్ళది.

కనుమ పశువులది. ఆ రోజు కాడి ఎత్తం. కడిగి, కొమ్ములకు రంగు వేసి, మెడలో గంటలు కట్టి, పొంగలి తినిపిస్తాం. చిత్తూరు వైపు దీన్ని పసుల పండగ అంటారు. కాటమరాజును కొలిచి, చిట్లాకుప్ప వెలిగించి, పశువుల్ని ఊరేగిస్తారు. కొన్ని వరి కంకులు కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీస్తాం. అది పిచ్చుకల వాటా. పొలంలో పురుగును తిన్న పిట్టకు కూడా గింజ బాకీ ఉన్నామని ఆ కుచ్చు అర్థం.

హరిదాసు అక్షయపాత్రలో దోసెడు బియ్యం, గంగిరెద్దుల వాళ్ళకు చేటెడు ధాన్యం, పాత బట్ట. బుడబుక్కల వాళ్ళకు, జంగమ దేవరలకు తలా కొంత. సెంటు భూమి లేని ఈ కళాకారులు గింజ ఇంటికొచ్చిన రోజుల్లోనే ఊళ్ళలోకి వస్తారు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి కళ్ళంలోనే తమ మేర కొలిపించుకునేవారు.

పిండివంటలూ అంతే. అరిసెలో కొత్త బియ్యం, గానుగాడిన కొత్త బెల్లం, నువ్వులు ఉంటాయి. కనుమ నాడు మినుము తినాలంటారు. గొబ్బెమ్మలో ఆవుపేడ, గుమ్మడి పువ్వు. భోగి పళ్ళంటే చేలగట్టు మీది రేగుపళ్ళు. చివరిరోజు వేసే రథం ముగ్గు చూడండి. ప్రతి ఇంటి రథం తాడును పక్కింటి ముగ్గుకు కలుపుతారు. ఒక్క ఇంటితో సాగే పండగ కాదిది.

నీరున్న చోట పెద్ద పండగ

పంట చేతికొచ్చిన సంబరం మన ఒక్కరిదే కాదు. పంజాబులో లోహ్రి, అస్సాంలో భోగాలి బిహు, తమిళనాడులో పొంగల్, గుజరాత్‌లో ఉత్తరాయణ్. తెలంగాణలో గాలిపటాలు, ఆడవాళ్ళ నోములు. కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వాటిని భుజాల మీద మోస్తూ పచ్చని చేలలోంచి, కౌశిక నీళ్ళలోంచి తీసుకొస్తారు. తొక్కుడుపడిన చేను రైతు బాధపడడు, మేలనుకుంటాడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. డెల్టాలో సంక్రాంతి ఇంత ఘనంగా జరగడానికి నీళ్ళు కారణం. 1832–33 డొక్కల కరువు గుంటూరు సీమను ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాకే అక్కడ గాదెలు నిండాయి. వాన కోసమే ఎదురుచూసే రాయలసీమ మెట్ట రైతుకు వేరుశనగ ఎండిపోయిన ఏడు భోగి మంటకు పుల్ల మాత్రమే మిగులుతుంది. పండగ అందరికీ ఒకే రోజు వస్తుంది గానీ ఒకేలా రాదు.

పండించినవాడి వాటా ఏది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పొద్దుకు, పెద్దలకు, ఎద్దుకు, పిచ్చుకకు వాటా తీసిన ఈ పండగలో, ఈ రోజు పండించినవాడి వాటా ఎంత?

2025–26 ఖరీఫ్‌కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తా లెక్కన 1,777 రూపాయలు. మీ చేతికి ఎంత వచ్చిందో మీకు తెలుసు. తేమ 17 శాతం దాటిందని కొంత, నూక అని కొంత, తరుగని కొంత, సంచి, హమాలీ, రవాణా అని కొంత. పండగ ముందు డబ్బు అవసరమని తెలిసినవాడు రేటు అప్పుడే దించుతాడు. ఉత్పత్తి ఖర్చుకు కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ నాయకత్వంలోని జాతీయ రైతు కమిషన్ 2006లోనే చెప్పింది. పూర్తి ఖర్చు మీద ఆ లెక్క కట్టాలని, దానికి చట్టబద్ధత కావాలని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం.

కౌలు రైతు సంగతి మరీ అన్యాయం. సంక్రాంతికి ముందే కౌలు బస్తాలు కొలిచి ఇవ్వాలి. పంట ఎంత పండినా, తుపాను కొట్టినా మాట ప్రకారం కొలవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. సంతకం లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు, నష్టపరిహారం, చివరికి తన పేరున ధాన్యం అమ్ముకునే వీలు, అన్నీ కష్టమే. చెమట ఒకరిది, కాగితం ఇంకొకరిది.

ఇక బసవన్న. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద ఆవుజాతి పశువుల్లో ఆడవి పద్నాలుగున్నర కోట్లు ఉంటే మగవి ఐదు కోట్లకు తగ్గాయి. దున్నేది ట్రాక్టరు, కోసేది యంత్రం. వాటిని వద్దనడం లేదు. కానీ డీజిలుకు, అద్దెకు రొక్కం కావాలి. ఎద్దు గడ్డి తిని పేడ ఇచ్చేది, ట్రాక్టరు అప్పు పెడుతుంది.

మిగిలిన నాలుగు రూపాయలూ పందెం బరిలోకి పోతున్నాయి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం ఉండగానే చేలు చదును చేసి బరులు కడుతున్నారు. కోడి పక్కనే గుండాట, దాని పక్కనే మందు. సంప్రదాయమని దానికి పేరు. ఏ కళ్ళంలోనూ, ఏ ఇంట్లోనూ పంట డబ్బు పోగొట్టుకోవడం సంప్రదాయం కాదు. మన సభ్యులు బరుల దగ్గరికి పోవద్దని సంఘంగా గట్టిగా చెబుతున్నాం.

దయ కాదు, హక్కు

పాత పంపకం గొప్పదని మేము పాడటం లేదు. మేర కొలిచిన కళ్ళంలోనే దళిత పాలేరు దూరంగా నిలబడి చివరి చేట కోసం చూసేవాడు. నాట్లు వేసి, కోతలు కోసిన ఆడమనిషికి పెట్టింది పనికి తగ్గ కూలి కాదు. ఆ ఇచ్చిందీ దయగా ఇచ్చారు, హక్కుగా కాదు. పంటలో అందరికీ వాటా ఉందన్న మాట ఆ పాత కళ్ళం నుంచి తీసుకుందాం. ఎవరి వాటా ఎంతో పెద్దల దయకు వదిలేసే పద్ధతిని అక్కడే వదిలేద్దాం.

దయను హక్కుగా మార్చిన చరిత్ర మనకుంది. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన రైతు రక్షణ యాత్ర చేశారు. పదేళ్ళు తిరిగేసరికి 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. 2021 జనవరి 13న ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు లోహ్రి మంటల్లో మూడు సాగు చట్టాల ప్రతులు వేశారు. మన ఊళ్ళలో కూడా భోగి మంటల్లో వేశారు. ఆ ఏడాది నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి. పాతది తగలబెట్టడమే భోగి. ఏది తగలబెట్టాలో నిర్ణయించుకోవడం మన చేతిలో ఉంది.

కాబట్టి ఈ కనుమ సాయంత్రం ప్రతి శాఖా ఒక పని చేయాలి. రచ్చబండ దగ్గర కూర్చుని ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎన్ని బస్తాలు పండాయి, ఎంతకు అమ్మారు, ఎంత కోశారు, డబ్బు పడిందా లేదా, కౌలు ఎంత కొలిచారు, కార్డు ఉందా లేదా. కూలీల దినకూలి కూడా రాయండి. ఆడవాళ్ళది, మగవాళ్ళది వేరువేరుగా రాయండి. సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ముక్కనుమ దాటాక ఆ పుస్తకాలన్నీ పట్టుకుని కలిసి తహసీల్దారు కార్యాలయానికి వెళ్దాం. సంతకం షరతు లేకుండా కౌలు కార్డు, కోతల్లేని మద్దతు ధర, సమాన పనికి సమాన కూలి. ఈ మూడూ అడుగుదాం.

చూరుకు కట్టిన కంకుల కుచ్చు దగ్గర పిచ్చుక ఎవరినీ బతిమాలదు. వచ్చి తన గింజ తాను తింటుంది. పండించిన మనిషి కూడా అలా తన వాటా తాను తీసుకునే రోజు రావాలి.