కవర్ చేశామా, కవరింగ్ ఇచ్చామా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నా.

పోయిన నెల దేశ భద్రత మీద వీడియో చేశాం కదా. దాని థంబ్‌నెయిల్‌లో టోపీ, గడ్డం ఉన్న ఒక మనిషి నీడ పెట్టాను. వీడియోలో ఏ మతం ఊసూ లేదు. క్లిక్స్ వస్తాయని పెట్టా, వచ్చాయి కూడా. ఆ రాత్రి బీటెక్‌లో నా రూమ్మేట్ మెసేజ్ పెట్టాడు: "ఆ బొమ్మ అచ్చం మా నాన్నలా ఉందిరా."

ఏం రిప్లై ఇవ్వాలో తెలియలేదు. అప్పుడే ఎడ్వర్డ్ సయీద్‌ని చదవడం మొదలుపెట్టా.

ఈయన ముస్లిం కాదు. 1935లో జెరూసలేంలో, పాలస్తీనా క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది జోసెఫ్ కాన్రాడ్ అనే నవలాకారుడి మీద. 1963 నుంచి 2003లో చనిపోయేదాకా న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో సాహిత్యం చెప్పాడు.

మరి నవలలు చెప్పే మాస్టారికి టీవీ వార్తలతో పనేంటి?

అక్కడే ఉంది అసలు పాయింట్. 1978లో 'ఓరియంటలిజం' అనే పుస్తకం రాశాడు. తూర్పు దేశాలను ఏలిన యూరప్, వాటి గురించి కథలు, పరిశోధనలు కూడా తానే రాసింది. అలా ఒకే మూస బొమ్మ తయారైంది. 1981లో 'కవరింగ్ ఇస్లాం'లో అదే బొమ్మ న్యూస్‌లోకి ఎలా వచ్చిందో చూపించాడు. 1979లో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్లను బందీలుగా పట్టుకున్నప్పుడు, అక్కడికెళ్లిన విలేకరుల్లో చాలామందికి పర్షియన్ భాషే రాదు!

టైటిల్ చూడండి. వార్త కవర్ చేయడం ఒకటి, నిజాన్ని కవర్ చేసేయడం ఇంకొకటి. మనం "కవరింగ్ ఇవ్వకు రా" అంటాం చూడండి, అదే.

1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో బాంబు పేలి 168 మంది చనిపోయారు. వెంటనే టీవీల్లో మిడిల్ ఈస్ట్ మీద అనుమానాలు మొదలయ్యాయి. తీరా దొరికింది టిమోతీ మెక్‌వే, అమెరికా మాజీ సైనికుడు.

ముస్లింలు తప్పు చేస్తే చూపించొద్దని సయీద్ అనలేదు. ఒకడి తప్పుని కోట్ల మంది ముఖానికి పులమొద్దన్నాడు, అంతే.

నేను చేసింది అంతకన్నా ఘోరం. ఎవరూ తప్పు చేయకుండానే పులిమాను.

థంబ్‌నెయిల్ మార్చేశా. వ్యూస్ తగ్గాయి, పర్లేదు. మావాడికి ఫోన్ చేసి సారీ చెప్పా. "నాన్నకి చూపించలేదులే" అన్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.